తొర్ర పడే వయసు

అడవి మాట వస్తే మనం ముందు అడిగేది చెట్ల లెక్క. ఎన్ని నరికారు, ఎన్ని నాటారు, వాటిలో ఎన్ని బతికాయి. తెలంగాణలో హరితహారం, ఆంధ్రప్రదేశ్‌లో వనం-మనం ఆ లెక్క మీదే నడిచాయి. ఆ మొక్కల మీద నాకు కోపం లేదు. ఎండలో మాడే ఊళ్లకి నీడ కావాలి. కానీ పాత అడవినీ అందులో బతికే అరుదైన జీవుల్నీ గొడ్డలి నుంచి ఎలా కాపాడాలన్న ప్రశ్నని ఈ లెక్కతో తేల్చబోతే మాత్రం ప్రతిసారీ అడవే ఓడిపోతుంది. ఎందుకో అర్థం కావాలంటే, చెట్టుకి తొర్ర ఎలా పడుతుందో చూడాలి.

గాలివానకి ఒక పెద్ద కొమ్మ విరుగుతుంది. విరిగిన చోట బెరడు మళ్లీ కప్పుకునేలోపే శిలీంధ్రాలు లోపలికి దిగుతాయి. ఏళ్ల తరబడి చేవని మెత్తబరుస్తాయి. ఆ మెత్తబడిన భాగాన్ని చెదలు తొలుస్తాయి, పురుగులు తింటాయి. నీళ్లూ ఆహారమూ మోసే పొరలు మాను అంచునే ఉంటాయి కాబట్టి మధ్యలో బోలుపడినా చెట్టు పచ్చగానే ఉంటుంది. ఇదంతా లేత చెట్టుకి జరగదు. అందులో తొలవడానికి సరిపడా చేవే ఉండదు. వడ్రంగిపిట్టలాంటి కొన్నింటిని వదిలేస్తే, చిలక, గోరింక, గుడ్లగూబ, అడవి తేనెటీగ లాంటివి ఈ గదిని తమంతట తాము తయారు చేసుకోలేవు. చెట్టు ముసలిదయ్యే దాకా ఆగాల్సిందే. కూపు, అంటే నరికివేతకి కేటాయించిన అడవి ముక్క, పాడుకున్న కాంట్రాక్టరు కంటికి మాత్రం అది పుచ్చు మాను, కలప డిపోలో ధర పలకని దుంగ. శాస్త్రీయ అటవీ నిర్వహణ అన్న పేరుతో ప్రపంచమంతటా దశాబ్దాలపాటు జరిగింది కూడా ఇదే. వంకరవీ పుచ్చువీ ముందు తీసేసి, నిటారుగా పెరిగే కలప చెట్లకి చోటిచ్చారు.

ఈ కథ అంతా స్పష్టంగా కనిపించేది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో. మెల్‌బోర్న్‌కి ఈశాన్యాన ఉన్న కొండల్లో మౌంటెన్ యాష్ అడవులున్నాయి. అది యూకలిప్టస్ జాతే. పూలు పూసే చెట్లలో ప్రపంచంలోనే అత్యంత ఎత్తు పెరిగే వాటిలో ఒకటి. ఆ అడవుల్లో లెడ్‌బీటర్స్ పాసమ్ అనే చిన్న జంతువు ఉంటుంది. బరువు నూటయాభై గ్రాములకి అటూ ఇటూ. పగలంతా కుటుంబంతో కలిసి తొర్రలో పడుకుని, రాత్రి చెట్ల మీద తిరుగుతుంది. 1909 తర్వాత ఇది ఎవరి కంటా పడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1961 ఏప్రిల్‌లో ఎరిక్ విల్కిన్సన్ అనే ప్రకృతి పరిశీలకుడు ఒక రాత్రి టార్చి వెలుతురులో దాన్ని మళ్లీ చూశాడు. పదేళ్లకి అది ఆ రాష్ట్ర అధికారిక జంతువైంది.

అది అప్పుడే ఎందుకు కనపడిందన్నది ఆలోచించాల్సిన సంగతి. 1939 జనవరిలో ఆ కొండల్ని పెద్ద కార్చిచ్చు చుట్టేసింది. పాత మానులు చచ్చాయి గానీ, చాలాచోట్ల కూలకుండా మోడులై నిలబడ్డాయి. వాటి తొర్రలు అలాగే మిగిలాయి. కింద కొత్త అడవి మొలిచింది, దాంతోపాటు మన తుమ్మకి చుట్టమైన అకేసియా దట్టంగా లేచింది. దాని బంక పాసమ్‌కి ఇష్టమైన తిండి. పాత అడవి వదిలిపోయిన ఇల్లూ, కొత్త అడవి పెట్టిన తిండీ ఒకేచోట దొరికాయి. ఆ కొద్ది దశాబ్దాల్లో జంతువు సంఖ్య పెరిగింది. ఆ తర్వాత మోడులు ఒక్కొక్కటే కూలడం మొదలైంది. వాటి స్థానంలోకి రావాల్సిన 1939 నాటి చెట్లకి తొర్ర పడే వయసు ఇంకా రాలేదు. మౌంటెన్ యాష్‌కి పనికొచ్చే తొర్రలు నూటఇరవై ఏళ్ల తర్వాతే మొదలవుతాయి, పెద్దవి కావాలంటే నూటయాభై పైమాటే. కలప వాళ్ల కోత చక్రం ఎనభై ఏళ్ల చుట్టూ తిరిగింది. అంటే ప్రతి చెట్టూ తొర్ర పడడానికి కొన్ని దశాబ్దాల ముందే సామిల్లుకో, కాగితపు గుజ్జుకో వెళ్లిపోయేది. నరికిన ప్రతిచోటా మళ్లీ విత్తనం చల్లారు, మొక్కలు లేచాయి, కాగితం మీద అడవి ఒక్క ఎకరం కూడా తగ్గలేదు. అయినా పాసమ్ తగ్గిపోయింది.

ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ పర్యావరణ శాస్త్రవేత్త డేవిడ్ లిండెన్‌మేయర్ 1980ల నుంచి ఆ అడవుల్లో తొర్ర చెట్లని లెక్కపెడుతూ చెబుతూ వచ్చింది ఇదే. 2009 ఫిబ్రవరి కార్చిచ్చులో ఆవాసంలో పెద్ద భాగం కాలిపోయింది. 2014లో ఒక నియమం వచ్చింది: పాసమ్ కుటుంబం కనిపించిన చోట చుట్టూ 200 మీటర్ల మేర నరకకూడదు. దాంతో అక్కడి ఊళ్ల జనం రాత్రిళ్లు కెమెరాలు పట్టుకుని, నరకబోయే కూపుల్లోకి వెళ్లి జంతువుని వెతకడం మొదలుపెట్టారు. ఒక్క వీడియో దొరికితే ఒక గుండ్రటి ముక్క మిగిలేది. వాళ్ల ఓపికకి దణ్ణం పెట్టాలి. కానీ ఆ నియమంలో పెద్ద లోటుండేది. అది జంతువు ఆవేళ ఉన్నచోటుని కాపాడింది, యాభై ఏళ్ల తర్వాత దాని పిల్లలకి కావాల్సిన తొర్రని కాదు. 2020లో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి డెబ్రా మోర్టిమర్ 66 కూపుల్లో నరికివేత చట్టవిరుద్ధమని తీర్పిస్తే, మరుసటేడు పై బెంచి కొట్టేసింది. 2022లో విక్టోరియా సుప్రీంకోర్టు మరో మార్గంలో వచ్చింది. గ్లైడర్లనే ఎగిరే పాసమ్‌ల కోసం ముందు సర్వే చెయ్యనిదే గొడ్డలి పడకూడదంది. ఆ అడవుల్ని నరికే కలప సంస్థకి అది సాధ్యం కాలేదు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం, 2030లో ఆపుతామన్న సహజ అడవుల నరికివేతని 2024 జనవరి 1 నాటికే ఆపేసింది. పశ్చిమ ఆస్ట్రేలియా కూడా అదే సమయానికి ఆపింది. ఈ నిర్ణయం ముప్పై ఏళ్ల ముందు వచ్చి ఉంటే, ఇవాళ తొర్ర వయసుకి దగ్గరపడుతున్న చెట్లు ఇంకెన్నో ఉండేవి.

అమెరికా పడమటి తీరాన ఈ పోరు ఇంతకన్నా ముందే మొదలైంది. వాషింగ్టన్, ఆరెగన్, ఉత్తర కాలిఫోర్నియాల్లో డగ్లస్ ఫర్ చెట్లు ఐదారు వందల ఏళ్లు నిలుస్తాయి. సియాటిల్, పోర్ట్‌లాండ్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వారాంతాల్లో నడిచే బాటలు ఈ పోరులో మిగిలిన అడవుల గుండానే పోతాయి. 1960ల చివర్లో ఎరిక్ ఫోర్స్‌మన్ అనే విద్యార్థి, మచ్చల గుడ్లగూబ ఒకటి మనిషి కూతకి బదులివ్వడం విని దాని వెంటపడ్డాడు. అతనికి తేలిందేమంటే, ఆ పిట్ట దాదాపుగా పాత అడవిలోనే గూడు పెడుతుంది. తానుగా గూడు కట్టదు, విరిగిన మాను తలలోనో తొర్రలోనో గుడ్లు పెడుతుంది. ఒక్క జంటకి వేల ఎకరాలు కావాలి.

ఎందుకంత? దాని తిండిని చూస్తే తెలుస్తుంది. అది తినే వాటిలో ముఖ్యమైనది ఎగిరే ఉడత. ఆ ఉడత నేలలోపల పెరిగే ట్రఫుల్ అనే పుట్టగొడుగుల్ని తవ్వి తింటుంది. దాని పెంటికల్లో పుట్టగొడుగు బీజాలు అడవంతా చేరతాయి. ఆ శిలీంధ్రమే డగ్లస్ ఫర్ వేళ్లని అల్లుకుని, నేలలోంచి నీరూ లవణాలూ అందిస్తుంది. గుడ్లగూబ ఆహారమైన ఇంకో జీవి, ఎర్ర చెట్టెలుక. అది కొమ్మల్లోనే పుట్టి, ఫర్ ఆకుల సూదులే తిని, వాటి మీది మంచు తాగి, నేలకి దాదాపు దిగకుండానే బతికేస్తుంది. ముప్పై ఏళ్ల తోటలో ఈ వల ఏర్పడదు. అటవీ శాస్త్రవేత్త జెర్రీ ఫ్రాంక్లిన్, అతని సహచరులు 1981లో వెలువరించిన నివేదిక పాత అడవి అంటే ఏమిటో తొలిసారిగా కొలతల్లో చెప్పింది. బతికున్న పెద్ద మానులు, పెద్ద నిలువు మోడులు, నేల మీదా వాగుల్లోనూ పడున్న పెద్ద దుంగలు, ఎత్తులు వేరైన కొమ్మల అంతస్తులు. అంతకు ముందు అటవీ పాఠాల్లో అలాంటి అడవికి పెట్టిన పేరు పెరుగుదల ఆగిన ముసలి అడవి, నరకడం ఆలస్యమైన సరుకు.

1990 జూన్‌లో గుడ్లగూబ ప్రమాదంలో ఉన్న జీవుల చట్టం జాబితాలోకి ఎక్కింది. 1991 మేలో న్యాయమూర్తి విలియం డ్వయర్, చట్టాన్ని పాటించనిది సాక్షాత్తూ ప్రభుత్వ సంస్థలేనని తేల్చి, గుడ్లగూబ ఉన్న జాతీయ అడవుల్లో కలప అమ్మకాలు ఆపించాడు. ఊళ్లు రెండుగా చీలాయి. ఉద్యోగాలా, గుడ్లగూబా అన్నారు. నిజానికి 1980ల్లోనే, నరికివేత జోరుగా సాగుతున్నప్పుడే, యంత్రాల వల్ల మిల్లు కొలువులు వేలల్లో పోయాయి. ముడి దుంగలు ఓడలెక్కి జపాన్‌కి వెళ్లిపోయేవి. ఆ నిజం చెప్పినంత మాత్రాన మిల్లు మూతపడిన ఊరిలో కార్మికుడి కష్టం అబద్ధమైపోదు. 1993 ఏప్రిల్‌లో అధ్యక్షుడు క్లింటన్ పోర్ట్‌లాండ్‌లో అందర్నీ ఒకచోట కూర్చోబెట్టాడు. 1994లో వాయవ్య అటవీ ప్రణాళిక వచ్చింది. సుమారు 2.4 కోట్ల ఎకరాల ప్రభుత్వ అడవికి ఒకే ప్రణాళిక. అందులో 70 లక్షలకి పైగా ఎకరాలు పాత అడవి ఉన్న, లేదా పాత అడవి కాగల రక్షిత భాగాలు. ప్రభుత్వ అడవుల్లో కలప కోత సుమారు ఎనభై శాతం పడిపోయింది.

నేను చదివిన అటవీ విధానాల్లో ఇంత దూరం చూసినది మరొకటి లేదు. ఇవాళ పాతది కాని చెట్టుని కూడా, వందేళ్ల తర్వాత పాతదవుతుందని అది పక్కన పెట్టింది. అయినా గుడ్లగూబ తగ్గుతూనే ఉంది. 1995 నుంచి 2018 మధ్య చాలా అధ్యయన ప్రాంతాల్లో దాని సంఖ్య 65 నుంచి 85 శాతం పడిపోయింది. తూర్పు నుంచి వచ్చిన చారల గుడ్లగూబ దాని చోటుని ఆక్రమిస్తోంది. 2024లో అమెరికా వన్యప్రాణి శాఖ, ముప్పై ఏళ్లలో 4.5 లక్షల దాకా చారల గుడ్లగూబల్ని చంపే ప్రణాళికని ఆమోదించింది. ఇది చూపించి, నరికివేతని ఆపడం వృథా అయిందని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పాత అడవి మిగలకపోతే వాదించడానికి ఒక్క గుడ్లగూబా మిగిలేది కాదు. పైగా ఆ ప్రణాళిక నీడలో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే వాగులూ, సముద్రంలో తిరుగుతూ వచ్చి పాత మానుల నాచుకొమ్మల మీద గుడ్డు పెట్టే మర్లెట్ పిట్టా ఉన్నాయి. చట్టానికి జంతువు పేరే తెలుసు, అడవి వయసు తెలియదు. అందుకే ఒక పిట్టని అడ్డం పెట్టుకుని అడవిని కాపాడాల్సి వచ్చింది. ఆ పిట్ట తగ్గితే అడవి వాదనే బలహీనపడుతుంది.

ఐరోపాలోని బియాలోవీజా అడవి సంగతి చిన్నదే గానీ తెలుసుకోవాలి. బెరడు పురుగు సోకిందని చెప్పి 2016లో పోలండ్ ప్రభుత్వం అక్కడి కోత పరిమితిని మూడింతలు చేసింది. 2018 ఏప్రిల్‌లో ఐరోపా న్యాయస్థానం అది చట్టవిరుద్ధమంది. పురుగు పట్టి చచ్చిన చెట్టు అడవికి నష్టమని అనుకోవడం డిపో లెక్క. మోడులో బతికే వందల జాతుల పురుగులకీ, వాటిని తినే వడ్రంగిపిట్టలకీ అదే ఇల్లు.

ఇక మన దేశం. మనకి అటవీ రక్షణ అన్న మాటే కలప కోసం పుట్టింది. రైలు పట్టాల కింద స్లీపర్లకి మానులు కావాలి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి, ఏజెన్సీలో పోడుకీ, పశువుల మేతకీ, అడవిలో తిరుగుడుకీ హద్దులు గీసింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేవడానికి ఆ చట్టం పెట్టిన బాధలు ముఖ్యమైన కారణం. అడవిలో ఉన్నవాడు దొంగ అయ్యాడు, కూపు పాడుకున్నవాడు దొర అయ్యాడు. స్వతంత్రం వచ్చాక కూడా అటవీ శాఖ రాసే వర్కింగ్ ప్లాన్ల భాష పెద్దగా మారలేదు. సహజ అడవిని తీసేసి టేకో జామాయిలో నాటడాన్ని అభివృద్ధి అన్నారు.

మలుపు 1980 అటవీ సంరక్షణ చట్టంతో మొదలై, 1996 డిసెంబర్ 12న అసలు రూపం తీసుకుంది. తమిళనాడులోని గూడలూరు అడవుల నరికివేత మీద టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు, అడవి అంటే రికార్డులో అడవి అని రాసిన చోటే కాదు, మాటకి నిఘంటువులో ఉన్న అర్థం ఎక్కడ సరిపోతే అదంతా అడవేనంది. కేంద్రం అనుమతి లేని నరికివేత దేశమంతా ఆగింది. ఈశాన్య రాష్ట్రాల నుంచి కలప రవాణా ఆగింది, అరుణాచల్‌లోని తిరప్, చాంగ్లాంగ్ సతతహరిత అడవుల్లో గొడ్డలి ఆగింది. ఒక్క ఉత్తర్వు ఇంత అడవిని నిలబెట్టడం మన చరిత్రలో మరెప్పుడూ జరగలేదని నా నమ్మకం. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు ఆగింది కూడా ఆ ఉత్తర్వు నిలబెట్టిన అర్థం పునాది మీదే.

అండమాన్ విషయంలో కోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ 1883 నుంచీ ఛాతం సామిల్లు పడౌక్, గర్జన్ మానుల్ని కోస్తోంది. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా 2002 మే 7న సుప్రీంకోర్టు, ఓంగే తెగ ఉండే లిటిల్ అండమాన్ సహా పలుచోట్ల సహజంగా పెరిగిన చెట్ల కోత ఆపించింది, ద్వీపాల నుంచి ప్రధాన భూభాగానికి కలప పంపడం ఆపమంది. అదే ద్వీపాల దక్షిణ కొసన ఇరవై ఏళ్లకి జరిగింది చూడండి. 2022 నవంబర్‌లో గ్రేట్ నికోబార్‌లో ఓడరేవుకీ, విమానాశ్రయానికీ, పట్టణానికీ పర్యావరణ అనుమతి వచ్చింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పిన చెట్ల అంచనా 9.64 లక్షలు. గలాతియా తీరంలో లెదర్‌బ్యాక్ తాబేలు గుడ్లు పెడుతుంది. తీరం వెంట అడవి నేల మీద నికోబార్ మెగాపోడ్ అనే పక్షి ఇసుకనీ రాలిన ఆకుల్నీ కాళ్లతో గుట్టగా పోసి, అందులో గుడ్లు పాతిపెడుతుంది. ఆకులు కుళ్లే వేడికే గుడ్లు పిల్లలవుతాయి. ఆ అడవికి బదులుగా మొక్కలు నాటేది హర్యానాలో! తాబేలుకీ, మెగాపోడ్‌కీ, అడవిలో బతికే షోంపేన్ జనానికీ హర్యానాలో మొలిచే మొక్క ఏ విధంగా బదులవుతుందో ఆ ఫైలు మీద సంతకం పెట్టిన వాళ్లే చెప్పాలి.

ఇది ఒక్క ప్రాజెక్టు తప్పు కాదు, మన కొలబద్దలోనే ఉంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దృష్టిలో ఒక హెక్టారు నేల మీద పదిశాతం కొమ్మల నీడ ఉంటే అది అటవీ విస్తీర్ణమే. కొబ్బరి తోటా, రబ్బరు తోటా, సత్తుపల్లి వైపు జామాయిల్ తోటా, నల్లమల లోపలి మద్ది చెట్ల అడవీ ఆ లెక్కలో ఒకే గాటన పడతాయి. 2023 నివేదిక 21.76 శాతం అంటుంది. అందులో నూటయాభై ఏళ్లు దాటిన అడవి ఎంతో ఆ అంకె చెప్పదు. అదే సంవత్సరం అటవీ సంరక్షణ చట్టానికి తెచ్చిన సవరణ గోదావర్మన్ అర్థాన్ని కుదించబోతే, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ అర్థాన్నే కొనసాగించమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

నిషేధానికి ఇంకో ముఖం కూడా ఉంది. మన అడవుల్లో కోత ఆగినా మన కలప అవసరం ఆగలేదు. గుజరాత్‌లోని కాండ్లా రేవుకి మయన్మార్, మలేషియాల నుంచి దుంగలు దిగాయి. 1987లో పెనాన్ జనం తమ అడవి కోసం లాగింగ్ దారులకి అడ్డంగా నిలబడిన సరవాక్ కూడా మలేషియాలోదే. 1998 వరదల తర్వాత చైనా తన సహజ అడవుల కోత ఆపి, రష్యావైపూ ఆగ్నేయాసియావైపూ తిరిగింది. మన ఇంటి గడప పచ్చగా ఉంచడం కోసం పొరుగువాడి మాను కూలితే అది రక్షణ అనిపించుకోదు. కలపకి తోటలు కావాలి, మన రైతుల గట్ల మీద, తరి పొలాల పక్కన పెరిగే చెట్లకి సరైన ధర కావాలి. తోటని అడవి అనకుండా ఉంటే చాలు, తోట మంచిదే.

శేషాచలం గురించి చెప్పకుండా తెలుగువాడు ఈ వ్యాసం రాయలేడు. ఎర్రచందనం రాయలసీమ, నెల్లూరు కొండల్లో తప్ప సహజంగా దాదాపుగా ఇంకెక్కడా లేదు. 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. ఆ చేవ ఎరుపు తిరగడానికి దశాబ్దాలు పడుతుంది, కొట్టడానికి ఒక్క రాత్రి చాలు. 2015 ఏప్రిల్ 7న ఆ కొండల్లో పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయారు. మోసే భుజానికి తూటా, కొనేవాడికి ఓడరేవు దారి. ఇరవై ప్రాణాలు పోయినా స్మగ్లింగ్ ఆగలేదు. అడవి అంచున ఉన్న పేదవాడిని శత్రువు చేసుకున్న రక్షణ ఎక్కడా ఎక్కువకాలం నిలవలేదు. అదే సీమలో కడప దగ్గర, 1900 తర్వాత కనబడని కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది. అది బతికేది ముళ్లపొదల్లో, రెవెన్యూ లెక్కలో బంజరు అనే చోట. పాత అడవి అంటే ఎత్తైన మానులే కాదని ఆ పక్షి గుర్తుచేస్తుంది. అలాంటి పొదనేలని చదును చేసి మొక్కలు నాటడం కూడా ఒక రకం నరికివేతే.

అడవిని అడవి మనుషులతో కలిసి కాపాడే ప్రయత్నాల్లో నాకు బాగా నచ్చింది అరుణాచల్‌లోని పక్కే పులుల అభయారణ్యం దగ్గరిది. హార్న్‌బిల్ ఆడపక్షి పెద్ద మాను తొర్రలోకి దూరి, రెట్టతోనూ తిండి పిప్పితోనూ ద్వారాన్ని మూసేసుకుంటుంది. సన్నటి చీలిక మాత్రం మిగులుతుంది. నెలల తరబడి మగపక్షి పళ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. మగపక్షి వేటకి బలైతే లోపలున్న తల్లీపిల్లల ప్రాణం మీదికొస్తుంది. 2011 నుంచి అక్కడి నిషి ఊళ్ల పెద్దల సంఘం ఘోరా ఆబే, అటవీ శాఖ, నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ కలిసి ఈ గూళ్లకి కాపలా పెట్టాయి. ఒకప్పుడు వేటాడిన వాళ్లు కూడా ఇప్పుడు జీతం తీసుకుని గూడు చెట్టు కింద గస్తీ కాస్తున్నారు. ఖర్చు ఊళ్ల బయటి దాతలు భరిస్తారు. నిషి మగవాళ్లు తలపాగాకి పెట్టుకునే ముక్కు స్థానంలో ఫైబర్‌గ్లాస్ ముక్కులు వచ్చాయి. ఇంత చేసినా, ఆ గూళ్లలో చాలావరకు ఉన్న పాపుం రిజర్వు ఫారెస్టులో దొంగ నరికివేత వల్ల అడవి తగ్గిపోతోందని ఉపగ్రహ చిత్రాలు చూపిస్తున్నాయి. గూడు చెట్టు మిగులుతోంది, దాని చుట్టూ పళ్లిచ్చే చెట్లు పోతున్నాయి.

కాబట్టి నేను అడిగేది మొక్కల బడ్జెట్ కాదు. పాపికొండల్లో, మారేడుమిల్లిలో, నల్లమలలో ఏ లోయలో ఏ మాను ఎంత పాతదో, ఏ తొర్రలో ఏ పక్షి ఏటా పిల్లలు పెడుతుందో కొండరెడ్లకీ చెంచులకీ తెలుసు. 2006 అటవీ హక్కుల చట్టం తమ సామూహిక అడవిని కాపాడుకునే హక్కు గ్రామసభలకి ఇప్పటికే ఇచ్చింది. అటవీ శాఖ తర్వాతి వర్కింగ్ ప్లాన్ రాసేముందు ఆ పాత మానుల, మోడుల, తొర్రల జాబితాని వాళ్లతో కలిసి, వాళ్లకి కూలి ఇచ్చి తయారు చెయ్యాలి. దాని మీద గ్రామసభ సంతకం ఉండాలి. అప్పుడు ఏ ప్రాజెక్టు కోసం ఎవరు అడవి అడిగినా, ఎక్కడో నాటబోయే మొక్కల సంఖ్య రాసే పేజీకి ముందు, ఇక్కడ నరకబోయే మాను వయసు రాసే పేజీ ఫైలులో ఉంటుంది.